తరగతిలో ప్రశ్న ఎలా ఆగిపోతుంది

ప్రశ్నలు అడగవద్దని ఏ ఉపాధ్యాయుడూ తన విద్యార్థులకు నేరుగా చెప్పడు. విద్యా సంవత్సరం మొదటి రోజున దాదాపు ప్రతి ఒక్కరూ ‘ఏ సందేహం వచ్చినా మొహమాటపడకుండా అడగండి’ అనే చెబుతారు. ఆ మాటను చాలామంది మనస్ఫూర్తిగానే అంటారని నేను నమ్ముతాను. అయినా రెండు మూడు నెలలు గడిచేసరికి ఆ తరగతిలో చెయ్యి ఎత్తేవారు ఉండరు. పాఠం ముగియగానే ‘అర్థమైందా?’ అని ఉపాధ్యాయుడు అడగడం, ‘అర్థమైంది సార్’ అని అందరూ ఒక్క గొంతుతో అనడం, ఆయన తర్వాతి పేజీ తిప్పడం ఒక అలవాటుగా స్థిరపడిపోతాయి. మొదటి రోజు చెప్పిన మాటకూ మూడో నెలలో కనిపించే మౌనానికీ మధ్య ఏం జరిగిందన్నదే నన్ను చాలాకాలంగా వేధిస్తున్న విషయం.

జరిగేది పెద్ద సంఘటనేమీ కాదు. ఒక విద్యార్థి ఏదో అడుగుతాడు. దానికి వచ్చే జవాబు ‘ఇప్పటిదాకా నేను చెప్పింది ఏమిటి? నువ్వు ఎక్కడ ఉన్నావు?’ అని ఉంటుంది. లేదా ‘అది సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు, నీకెందుకు?’ అని ఉంటుంది. ‘కింది తరగతిలోనే నేర్చుకోవాల్సింది ఇప్పుడు అడుగుతున్నావా?’ అన్నది మరొకటి. ‘చాలా తెలివిగా అడిగావులే, కూర్చో’ అన్నది ఇంకొకటి. కొన్నిసార్లు మాట కూడా అక్కర్లేదు. ఉపాధ్యాయుడు ఒక నిట్టూర్పు విడిచి గడియారం వైపు చూస్తే చాలు. ఇంకొన్నిసార్లు ఆయన మిగిలిన విద్యార్థుల వైపు తిరిగి చిన్నగా నవ్వుతాడు, తరగతి మొత్తం ఆ నవ్వును అందుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటీ నిషేధం కాదు. ఏ ఒక్కదాని మీదా ఎవరూ ఫిర్యాదు చేయలేరు. కానీ ఆ గదిలో కూర్చున్నవారందరికీ ఇక్కడ అడిగితే ఏమవుతుందో స్పష్టంగా తెలిసిపోతుంది.

నేను చదువుకున్న రోజుల్లోనూ, ఆ తర్వాత కొంతకాలం పాఠాలు చెప్పిన రోజుల్లోనూ గమనించిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అలాంటి జవాబు వల్ల ఎక్కువగా నష్టపోయేది అడిగిన విద్యార్థి కాకపోవచ్చు. అడిగే చొరవ ఉన్న పిల్లవాడికి ఎంతో కొంత ధైర్యం ఉంటుంది. ఒకసారి చిన్నబుచ్చుకున్నా మరోసారి అడుగుతాడేమో. అదే ప్రశ్న తన మనసులోనూ ఉండి, అడగాలా వద్దా అని తటపటాయిస్తూ, పక్కవాడు అడిగినందుకు లోలోపల సంతోషించి, వాడికి దొరికిన జవాబు విని తల దించుకున్న వారు ఆ గదిలో పది మంది ఉంటారు. వారు ఒక్క మాట కూడా పడకుండానే పాఠం నేర్చుకున్నారు. ఉపాధ్యాయుడి దృష్టిలో అది ఒక విద్యార్థికి ఇచ్చిన జవాబు మాత్రమే. అది ఎంతమందికి చేరిందో ఆయనకు ఎన్నటికీ తెలియదు.

చెయ్యి ఎత్తడానికి ముందు ఒక విద్యార్థి మనసులో ఎంత తర్జనభర్జన జరుగుతుందో పెద్దవాళ్లమయ్యాక మనం మరిచిపోతాం. మొదట తనకు అర్థం కాలేదన్న సంగతిని తనే ఒప్పుకోవాలి. ఆ తర్వాత తన ఒక్కడికే అర్థం కాలేదా, అందరి పరిస్థితీ అంతేనా అని చుట్టూ చూడాలి. అందరూ నిశ్చింతగా రాసుకుంటున్నట్టు కనిపిస్తే (రాసుకోవడం అర్థమైనదానికి గుర్తు కాదన్న ఎరుక ఆ వయసులో ఉండదు) లోపం తనలోనే ఉందన్న అనుమానం మొదలవుతుంది. సరిగా అర్థం కాని విషయాన్ని ప్రశ్నగా పెట్టడానికి మాటలు వెతుక్కోవాలి, అది మరీ కష్టం, ఎందుకంటే ఏది తెలియలేదో చెప్పాలంటే కొంతైనా తెలిసి ఉండాలి. ఇదంతా జరుగుతుండగా ఉపాధ్యాయుడు ముందుకు సాగుతూనే ఉంటాడు. ఇన్ని దాటుకుని పైకి లేచిన చెయ్యికి ‘ఎక్కడ ఉంది నీ ధ్యాస?’ అన్న మాట ఎదురైతే, మరోసారి అన్నింటినీ దాటుకుని రమ్మని ఆ పిల్లవాణ్ణి ఏ న్యాయంతో అడగగలం?

పిల్లలు పుట్టుకతో ఇలా ఉండరు. బ్రిటన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగేళ్ల ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేసి, 1984లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు. అవే పిల్లలు ఇంట్లో తల్లి దగ్గర గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగితే, బడిలో గంటకు 2 మాత్రమే అడిగారు. ఆ బడులు పిల్లలను కొట్టే బడులు కావు. ఆటబొమ్మలతో, ఓపిక ఉన్న ఉపాధ్యాయినులతో నడిచే బడులు. అయినా అంత తేడా వచ్చింది. ఇంట్లో ప్రశ్న పిల్లది, జవాబు తల్లిది. బడిలో అడుగుపెట్టగానే ఈ వరస తిరగబడి, అడిగే పని పెద్దవాళ్లదీ చెప్పే పని పిల్లలదీ అయిపోతుంది.

పెద్ద తరగతుల్లో పరిస్థితి ఇంకా తేటగా కనిపిస్తుంది. ఆర్థర్ గ్రేసర్, నటాలీ పర్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక బోధకుడు ఒకే విద్యార్థికి విడిగా చదువు చెప్పేటప్పుడు ఆ విద్యార్థి అడిగే ప్రశ్నలు, తరగతి గదిలో ఒక విద్యార్థి అడిగే ప్రశ్నల కన్నా దాదాపు 240 రెట్లు ఎక్కువ. తరగతిలో చాలామంది ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి వంతు తగ్గడం సహజమే. కానీ 240 రెట్ల తేడాను సంఖ్యాబలం ఒక్కటే వివరించలేదు. విడిగా కూర్చున్నప్పుడు వచ్చే ప్రశ్నలు తరగతిలో రాకపోవడానికి చూసేవాళ్లు ఉండటం, నవ్వేవాళ్లు ఉండటం, సమయం లేదన్న భావన ఉండటం కూడా కారణాలే.

ఈ అంకె నన్ను మరో కారణంగా కూడా కలవరపెడుతుంది. విడిగా చదువు చెప్పించుకునే స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలకు తరగతిలో మిగిలిపోయిన సందేహాన్ని సాయంత్రం అడగడానికి ఒక చోటు ఉంటుంది. చదువుకున్న తల్లిదండ్రులున్న పిల్లలకూ ఉంటుంది. ఆ రెండూ లేని పిల్లలకు సందేహం తీర్చగల మనిషి రోజు మొత్తంలో ఒక్కరే, ఆ ఉపాధ్యాయుడే. ఆయన ముఖం తిప్పుకుంటే ఆ సందేహం వారి వెంట ఇంటికి వెళ్లి, అక్కడ ఎవరికీ చెప్పుకోలేక, మరుసటి రోజు కొత్త పాఠం కింద పడి నలిగిపోతుంది. తరగతిలో ప్రశ్నకు చోటు లేకపోతే అందరికీ సమానంగా నష్టం జరుగుతుందనుకోవడం పొరపాటు. వేరే దారి లేనివారికే అది పూర్తిగా తగులుతుంది.

ప్రశ్నలను అణచివేయడం వల్ల ఉపాధ్యాయుడికి జరిగే నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తాను చెప్పింది పిల్లల మనసుల్లో ఏ రూపంలో చేరిందో తెలుసుకోవడానికి ఆయనకున్న మార్గాలు చాలా తక్కువ. పరీక్ష ఒకటి ఉంది, కానీ అది ఆలస్యంగా వస్తుంది, పైగా కంఠస్థం చేసిన సమాధానం అర్థమైనదో కానిదో పరీక్ష పట్టుకోలేదు. విద్యార్థి అడిగే ప్రశ్న మాత్రం అప్పటికప్పుడు, ఏ ఖర్చూ లేకుండా, లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది.

ఋతువుల పాఠమే తీసుకుందాం. భూమి అక్షం వంపు వల్ల ఋతువులు ఏర్పడతాయని ఉపాధ్యాయుడు చెబుతాడు, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకుంటారు. మధ్యలో ఒక అమ్మాయి లేచి ‘భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడే కదా మేడమ్ ఎండలు ముదిరేది?’ అని అడిగిందనుకోండి. ‘ఇప్పుడే చెప్పాను కదా, అక్షం వంపు వల్ల అని! వినడం లేదా?’ అంటే ఆ అమ్మాయి కూర్చుంటుంది, తన నమ్మకం తన దగ్గరే ఉంటుంది. అలా కాకుండా, భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనని, అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లని, జూలై మొదట్లో అది సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుందని చెప్పి, ‘మరి ఉత్తరార్ధగోళంలో జనవరిలో చలి ఎందుకుంది?’ అని తిరిగి అడిగితే, ఆ గదిలో సగం మంది మనసులో దాగి ఉన్న తప్పుడు ఊహ ఒక్క నిమిషంలో బయటపడి కదులుతుంది. ఆ ఊహ చాలా సహజమైనది, మంట దగ్గరికి వెళితే వేడెక్కుతుందన్న నిత్యానుభవం నుంచి వచ్చింది. అది ఉన్నట్టు తెలియకుండా దాన్ని ఎవరూ తీసివేయలేరు. ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే ఉపాధ్యాయినికి అది తెలిసేది కాదు.

‘ఇంత చిన్న ప్రశ్నా?’ అని మనం కొట్టిపారేసేవాటిలో చాలా వాటికి చిన్న జవాబులు లేవు. రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందని అడిగిన పిల్లవాడికి ‘అది రూలు, గుర్తుపెట్టుకో’ అన్న జవాబే తరచుగా దొరుకుతుంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు రుణ సంఖ్యల వాడకాన్నే ఆక్షేపిస్తూ 1758లో ఒక గ్రంథం రాశాడు. అంతటి వారు తటపటాయించిన చోట పన్నెండేళ్ల పిల్లవాడు ఆగి ‘ఎందుకు?’ అనడం మందబుద్ధికి గుర్తు ఎలా అవుతుంది? 3, 2, 1, 0 అని తగ్గించుకుంటూ వచ్చి, ప్రతిసారీ రుణ 2తో గుణిస్తూ, లబ్ధం రుణ 6, రుణ 4, రుణ 2, సున్నా అని రెండేసి చొప్పున పెరుగుతూ ఉండటాన్ని బోర్డు మీద చూపించి, రుణ 1 దగ్గరికి వచ్చేసరికి అదే క్రమంలో ధన 2 రావాల్సిందేనని వాడి నోటితోనే చెప్పించడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లో వాడు నేర్చుకునేది ఒక రూలు మాత్రమే కాదు, గణితంలో రూళ్లు ఎక్కడి నుంచో ఊడిపడవన్న నమ్మకం కూడా.

పరమాణువు పాఠంలోనూ ఇదే జరుగుతుంది. ధనావేశం ఉన్న కేంద్రకం రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది కదా, మరి ఎలక్ట్రాన్ వెళ్లి దాని మీద ఎందుకు పడిపోదు అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరికి అనిపిస్తుంది. ‘పుస్తకంలో ఉన్న బొమ్మ వేసుకో’ అన్నది వారికి దొరికే జవాబు. రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకం ఉన్న పరమాణు నమూనాను ప్రతిపాదించినప్పుడు అతి పెద్ద చిక్కుగా నిలిచింది సరిగ్గా ఈ ప్రశ్నే. అప్పటి భౌతికశాస్త్రం ప్రకారం కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతూ సెకనులో కోటవ వంతు కన్నా తక్కువ కాలంలో కేంద్రకంలో కూలిపోవాలి. నీల్స్ బోర్ 1913లో తన నమూనాను తెచ్చింది ఆ చిక్కును దాటడానికే. అంటే పాఠంలో రెండు పేజీల తర్వాత రాబోయే బోర్ నమూనాకు కారణమైన ప్రశ్నను ఆ విద్యార్థి తనంతట తానే పట్టుకున్నాడు. ఆ సంగతి వాడికి చెప్పగలిగిన అవకాశాన్ని ఒక ఉపాధ్యాయుడు ఎందుకు వదులుకోవాలో నాకు అర్థం కాదు.

టాంజానియాకు చెందిన ఎరాస్టో ఎంపెంబా అనే విద్యార్థికి జరిగినది చాలామంది భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు తెలుసు, తెలియాలి కూడా. 1963లో తోటి విద్యార్థులతో కలిసి ఐస్‌క్రీమ్ చేస్తూ, ఫ్రీజర్‌లో చోటు దక్కదేమోనని కంగారుపడి, మరిగించిన పాలను చల్లారనివ్వకుండానే లోపల పెట్టేశాడు. ఆ వేడి మిశ్రమం, తోటి విద్యార్థి పెట్టిన చల్లటి మిశ్రమం కన్నా ముందే గడ్డకట్టింది. ఎందుకని ఉపాధ్యాయుణ్ణి అడిగితే ‘నువ్వు పొరబడ్డావు, అలా జరగదు’ అన్నాడు. కొన్నేళ్లకు పై తరగతికి వెళ్లాక మరో ఉపాధ్యాయుణ్ణి అడిగితే, అది ‘ఎంపెంబా ఫిజిక్స్’ తప్ప లోకమంతా అంగీకరించే ఫిజిక్స్ కాదని ఆయన తేల్చేశాడు. ఆ మాటను తరగతి అందిపుచ్చుకుంది. ఆ తర్వాత ఎంపెంబా ఏ లెక్కలో తప్పు చేసినా ‘ఇది ఎంపెంబా గణితం’ అని ఎగతాళి చేసేవారు.

డెనిస్ ఆస్బర్న్ అనే విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఉపన్యాసం ఇవ్వడానికి ఆ పాఠశాలకు వచ్చినప్పుడు ఎంపెంబా లేచి, 35 డిగ్రీల నీళ్లనూ 100 డిగ్రీల నీళ్లనూ ఒకే రకం పాత్రల్లో సమానంగా పోసి ఫ్రీజర్‌లో పెడితే 100 డిగ్రీలవే ముందు గడ్డకడుతున్నాయి, ఎందుకని అడిగాడు. గదిలో నవ్వులు. ఆస్బర్న్‌కు కూడా ఆ మాట నమ్మశక్యంగా లేదు. కానీ ఆయన మళ్లీ చెప్పమని అడిగి విన్నాడు, తాను పరీక్షించి చూస్తానన్నాడు, ప్రయోగశాలకు తిరిగి వెళ్లి నిజంగానే చేయించాడు. 1969లో ఆ ఇద్దరి పేర్లతో ఒక పత్రం అచ్చయింది. వేడి నీళ్లు ముందుగా గడ్డకట్టడం ఏ పరిస్థితుల్లో జరుగుతుంది, అసలు నమ్మకంగా జరుగుతుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఈనాటికీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నా దృష్టిలో ఎంపెంబా ఊహ తప్పని రేపు తేలినా ఈ కథ విలువ తగ్గదు. ఆ ఇద్దరు ఉపాధ్యాయులకూ ఆస్బర్న్‌కూ తేడా జ్ఞానంలో లేదు; ఆ క్షణాన ముగ్గురికీ జవాబు తెలియదు. పరీక్షిస్తే తేలిపోయే విషయాన్ని పరీక్షించకుండా తీర్పు చెప్పారా, పరీక్షించారా అన్నదే తేడా.

ఉపాధ్యాయుల వైపు నుంచి చూడకుండా ఈ విషయం మాట్లాడటం అన్యాయం. ఒక పీరియడ్‌లో నలభై యాభై మంది ఎదురుగా ఉంటారు. ఫలానా తేదీకి ఫలానా పాఠం ముగియాలన్న ఒత్తిడి పైనుంచి ఉంటుంది. ఒక ప్రశ్నకు పది నిమిషాలు పోతే ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలో ఆయనే చూసుకోవాలి. అడిగే ప్రశ్నలన్నీ జిజ్ఞాసతో వచ్చినవీ కావు. పాఠం సాగకుండా చూడటానికో, ఉపాధ్యాయుణ్ణి ఇరకాటంలో పెట్టడానికో అడిగేవారు కూడా ఉంటారు. ఎప్పుడూ ఒకరిద్దరే అడుగుతూ మిగిలిన వారి సమయాన్ని ఆక్రమించే తరగతులూ ఉన్నాయి. ఇవన్నీ నిజమే, వీటిని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఈ ఇబ్బందులన్నీ కలిసినా సమర్థించగలిగేది ప్రశ్నను వాయిదా వేయడాన్ని మాత్రమే. ‘మంచి ప్రశ్న, దీనికి కొంత సమయం కావాలి, రేపు మొదట దీన్నే చూద్దాం’ అనడానికి పట్టే సమయం ‘ఎక్కడ ఉంది నీ ధ్యాస?’ అనడానికి పట్టే సమయం కన్నా ఎక్కువేమీ కాదు. ‘ఇది ఇద్దరు ముగ్గురికే ఉపయోగపడుతుంది, విరామంలో నా దగ్గరికి రా’ అనవచ్చు. ‘ఇది వచ్చే ఏడాది చదువుతావు, ఇప్పటికి ఇంతవరకు తెలుసుకో’ అనవచ్చు. పాఠాన్ని పక్కదారి పట్టించాలనే అడిగిన ప్రశ్ననైనా ‘తర్వాత’ అనే ఒక్క మాటతో పక్కన పెట్టవచ్చు. సిలబస్ ఒత్తిడి ప్రశ్నను వెనక్కి జరపమని చెప్పవచ్చు, అడిగినవాణ్ణి నలుగురిలో చులకన చేయమని ఏ సిలబస్సూ చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసి, ‘సమయం లేదు’ అన్న కారణంతో అవమానాన్ని సమర్థించుకోవడం నేను చాలా చోట్ల చూశాను, ఎక్కడా ఒప్పుకోలేకపోయాను.

సమయం కన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంది, దాన్ని బయటికి చెప్పేవారు తక్కువ. జవాబు తెలియకపోతే ఎలా అన్న భయం అది. పిల్లల ముందు ‘నాకు తెలియదు’ అంటే తన స్థానం కూలిపోతుందని ఉపాధ్యాయుడు అనుకుంటాడు, అలా అనుకునేలా ఆయనను తయారుచేసిన చదువే ఆయనకూ దొరికింది. అందుకే తెలియని ప్రశ్న వచ్చినప్పుడు కోపం వస్తుంది. కోపాన్ని చూసి పిల్లలు తాము తప్పు చేశామనుకుంటారు. గురువు స్థానం గురించి మాట్లాడేటప్పుడు పాత సంప్రదాయాన్ని ఉదాహరించేవారు ప్రశ్నోపనిషత్తును ఒకసారి చూడాలి. ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరికి వెళితే, ఆయన వారిని ఒక సంవత్సరం తనతో ఉండమని, ఆ తర్వాత ఇష్టమైన ప్రశ్నలు అడగమని, తమకు తెలిసి ఉంటే అంతా చెబుతామని అంటాడు. ‘తెలిసి ఉంటే’ అన్న షరతు మహర్షి తన నోటితోనే పెట్టుకున్నాడు. ఆరో ప్రశ్న అడిగిన సుకేశుడు, తనను కోసల రాకుమారుడు హిరణ్యనాభుడు ఒకప్పుడు ఇదే విషయం అడిగాడని, తనకు తెలియదని చెప్పానని, తెలిస్తే చెప్పకుండా ఎందుకుంటానని, అబద్ధం చెప్పేవాడు సమూలంగా ఎండిపోతాడని అతనితో అన్నానని చెబుతాడు. రాకుమారుడు మౌనంగా రథమెక్కి వెళ్లిపోయాడు. సుకేశుడు ఆ ప్రశ్నను మోసుకుని తనకన్నా తెలిసినవారి దగ్గరికి వచ్చాడు. తెలియదని ఒప్పుకున్నందుకు అతని గౌరవం తగ్గినట్టు ఆ ఉపనిషత్తులో ఎక్కడా లేదు.

నాకు చదువు చెప్పిన వారిలో ఒక ఉపాధ్యాయుడు ఈ పనిని చాలా మామూలుగా చేసేవారు. జవాబు తెలియనప్పుడు ‘నాకూ తెలియదు, చూసి చెబుతాను’ అని ప్రశ్నను బోర్డు మీద కుడివైపు పైమూలన రాసి, చుట్టూ గీత గీసి, దాన్ని చెరపవద్దని తరగతి నాయకుడికి చెప్పేవారు. మరుసటి రోజో, వారం తర్వాతో, ఆ ప్రశ్న దగ్గరికి తప్పనిసరిగా తిరిగి వచ్చేవారు. దొరకని జవాబుల గురించి దొరకలేదనే చెప్పేవారు. అడిగిన వారి పేరు కూడా ప్రశ్న పక్కన ఉండేది. ఆ మూలన తన పేరు పడాలని ఆశపడిన పిల్లలు చాలామంది, అలా ఆశపడి ముందే పాఠం చదువుకుని వచ్చిన వారూ ఉన్నారు. అదే సమయంలో మాకు మరో సబ్జెక్టు చెప్పిన ఇంకొకరు ప్రశ్న అడిగిన వారిని పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టేవారు. ఆ సబ్జెక్టులో మా తరగతి మార్కులు బాగానే వచ్చాయి. కానీ దాన్ని ఇష్టపడి పై చదువులకు ఎంచుకున్నవారు నాకు తెలిసి ఎవరూ లేరు.

అడగనివ్వాలన్న మంచి ఉద్దేశం ఉన్నవారు కూడా తెలియకుండానే ప్రశ్నలను ఆపేసే తీరు ఒకటి ఉంది, అది తొందర. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల రికార్డింగులను విని, ఉపాధ్యాయులు ఒక ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక్క సెకను అని గుర్తించారు. ఆ లోపు జవాబు రాకపోతే ప్రశ్నను మార్చడమో, వేరొకరిని అడగడమో, తామే చెప్పేయడమో జరుగుతుంది. ఆ విరామాన్ని మూడు సెకన్లకో, అంతకన్నా కొంచెం ఎక్కువకో పెంచితే విద్యార్థుల సమాధానాలు పొడవుగా, కారణాలతో కూడి వస్తాయని, వారంతట వారు అడిగే ప్రశ్నలు పెరుగుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని ఆమె చూపించారు. మందబుద్ధులని ముద్రపడిన పిల్లలకు ఉపాధ్యాయులు ఇంకా తక్కువ సమయం ఇస్తున్నారన్న సంగతీ ఆమె పరిశీలనలో బయటపడింది. ఎక్కువ సమయం కావలసినవారికే తక్కువ సమయం దొరుకుతోందన్నమాట. ‘ఏమైనా డౌట్లు ఉన్నాయా?’ అని అడుగుతూనే చేత్తో బోర్డు తుడిచేసే అలవాటు మనలో ఎంతమందికి ఉందో ఆలోచిస్తే, ఈ ఒక్క సెకను లెక్క ఆశ్చర్యం కలిగించదు.

‘అర్థమైందా?’ అన్న మాట బదులు ‘ఇందులో మీకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?’ అని అడిగి, పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడుకోమని చెబితే, లేచి అడగలేని పిల్లలు కూడా పక్కవారిని అడుగుతారు. ఆ తర్వాత ‘మా ఇద్దరికీ ఇది తెలియలేదు’ అని చెప్పడం ‘నాకు తెలియలేదు’ అని చెప్పడం కన్నా చాలా తేలిక. పేరు రాయకుండా చీటీ మీద సందేహం రాసి ఇవ్వమనడం కూడా పనిచేస్తుంది. ఇలాంటి ఉపాయాలు ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు, వారికి నాకన్నా ఎక్కువే తెలుసు. ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పాలనిపిస్తుంది: నోరు మూతపడిన తరగతి ఒక్క రోజులో మళ్లీ మాట్లాడదు. పాత ఉపాధ్యాయుడి దగ్గర దెబ్బతిన్న పిల్లలు కొత్త ఉపాధ్యాయుడి ఆహ్వానాన్ని వెంటనే నమ్మరు. మొదట ఎవరో ఒకరు ఏదో చిన్న ప్రశ్న వేసి చూస్తారు. మిగిలినవారు ప్రశ్నను వినరు, జవాబు చెప్పే ముఖాన్ని చూస్తారు. ఆ మొదటి కొన్ని వారాల్లో వచ్చే ప్రతి ప్రశ్నా, అది ఎంత అమాయకమైనదైనా, ఒక పరీక్షే. అది పిల్లలు ఉపాధ్యాయుడికి పెట్టే పరీక్ష.

ఒకసారి నలుగురిలో చిన్నబోయిన పిల్లవాణ్ణి తిరిగి దారికి తెచ్చే బాధ్యత కూడా పెద్దవాళ్లదే. మాట జారడం ఎవరికైనా జరుగుతుంది, అలసిన రోజున ఇంకా సులువుగా జరుగుతుంది. కానీ అవమానం నలుగురిలో జరిగితే సవరణ కూడా నలుగురిలోనే జరగాలి. ‘నిన్న నువ్వు అడిగినదాని గురించి ఆలోచించాను, నేను కసురుకుని ఉండకూడదు, ఇదిగో దానికి జవాబు’ అని మరుసటి రోజు అందరి ముందూ చెప్పే ఉపాధ్యాయుడికి పిల్లలు ఇచ్చే గౌరవం, భయం వల్ల వచ్చే గౌరవం లాంటిది కాదు. స్టాఫ్‌రూముకు పిలిచి విడిగా బుజ్జగించడం ఆ పిల్లవాడి బాధను తగ్గించవచ్చు. చూసి నేర్చుకున్న ఆ పది మందికి మాత్రం ఏమీ అందదు.

ఈ భారమంతా ఒక్కొక్క ఉపాధ్యాయుడి మంచితనం మీదే వేయడం కూడా నాకు సరిగా తోచదు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే ‘క్రమశిక్షణ బాగుంది’ అని మెచ్చుకునే ప్రధానోపాధ్యాయులు, పాఠాలు ఎన్ని ముగిశాయో మాత్రమే రిజిస్టరులో చూసే పర్యవేక్షకులు, మార్కులు తప్ప మరేదీ అడగని తల్లిదండ్రులు ఉన్నంతకాలం, ప్రశ్నలకు సమయం ఇచ్చిన ఉపాధ్యాయుడే వెనకబడినట్టు కనిపిస్తాడు. తరగతి గదిని పరిశీలించడానికి వెళ్లిన పర్యవేక్షకులు వెనక బల్ల మీద కూర్చుని రెండే సంగతులు రాసుకోవాలని నా కోరిక: ఈ పీరియడ్‌లో పిల్లలు తమంతట తాముగా ఎన్ని ప్రశ్నలు అడిగారు, ప్రతి ప్రశ్నకూ వారికి ఏ మాట జవాబుగా దొరికింది. పాఠం పూర్తికాని రోజున ఉపాధ్యాయుణ్ణి సంజాయిషీ అడిగే ముందు ఆ కాగితాన్ని చూడాలి. ఒక్క ప్రశ్న కూడా రాని తరగతిని చూసినప్పుడు, పాఠం ఎంత చక్కగా ముగిసినా, ఎందుకు రాలేదో ఉపాధ్యాయుడితో కూర్చుని మాట్లాడాలి.